25 మెట్లు, రెండు స్థాయిలు

ఒట్టన్‌చత్రం అనగానే అందరికీ కూరగాయల మార్కెట్టే గుర్తొస్తుంది. మునక్కాయలు, టమాటాలు, ఉల్లిపాయలు లారీలకెక్కి కేరళ వైపు పోయే ఊరు అది. తైపూసం రోజుల్లో కాలినడకన పళనికి పోయే భక్తులకు దారిలో తగిలే ఊరు కూడా. ఆ చుట్టుపక్కల పల్లెల్లో మదురై నాయక రాజుల కాలం నాటి తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. కమ్మనాయుళ్లు ఉన్నారు, జక్కమ్మను కొలిచే కంబళత్తు నాయకర్లు ఉన్నారు. వాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగులో మాట్లాడతారు, పాడతారు. చదవడం, రాయడం మాత్రం చాలామందికి రాదు. అందుకే ఇక్కడ పెళ్లిపాటకైనా జోలపాటకైనా పాడే నోరే పుస్తకం.

ఈ సంవాదంలోని మామ, మేనకోడలు నేను ఊహించుకున్న మనుషులు. మామ భజనలో హార్మోనియం వాయిస్తాడు. కోడలు కోయంబత్తూరులో చదువుకుని వచ్చింది. ఆమె దగ్గర ఐప్యాడ్ ఉంది. పల్లెలు తిరిగి అవ్వల పాటల వరుసలు పట్టుకోవాలని, అందుకు ఐప్యాడ్‌కు తగిలించే చిన్న మిడి కీబోర్డు కొనాలని ఆమె కోరిక. ఏది కొనాలి అనేది అంగడివాడు తీర్చే ప్రశ్న అనుకుంటారు చాలామంది. నేను అలా అనుకోను. మనం కొన్న వస్తువుకు చేతకాని స్వరం మన ఫైల్లోకి ఎప్పటికీ రాదు. వాళ్లిద్దరూ తగవు పడుతున్నది అక్కడే.

మామ: ఇంట్లో హార్మోనియం ఉండాది. మీ అన్న చిన్నప్పుడు కొన్న కీబోర్డు అటక మీద ఉండాది. మళ్లీ ఇంకొకటి దేనికి పాపా?

కోడలు: ఇది వేరే మామా. దీంట్లోంచి శబ్దం రాదు. ఏ మెట్టు నొక్కినారు, ఎంత గట్టిగా నొక్కినారు, ఎప్పుడు వదిలినారు, ఈ కబురు మాత్రమే ఐప్యాడ్‌కు చేరవేస్తుంది. ఆ కబురు పద్ధతినే మిడి అంటారు. వీణ అనిపించాలన్నా పిల్లనగ్రోవి అనిపించాలన్నా అది ఐప్యాడ్‌లో ఉండే ఆప్ పని.

మామ: శబ్దం లేనిదాన్ని వాయిద్యం అని ఎట్లా అంటావు?

కోడలు: అందుకే దాన్ని కంట్రోలర్ అంటారు. 1983 జనవరిలో అమెరికాలో, ఒక వాయిద్యాల ప్రదర్శనలో, ఒక కంపెనీ ప్రాఫెట్-600కూ ఇంకో కంపెనీ జూపిటర్-6కూ మధ్య తీగ కలిపినారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. డేవ్ స్మిత్, జపాన్ నుంచి ఇకుతారో కాకెహాషి, ముఖ్యంగా ఈ ఇద్దరి పట్టుదల అది. మెట్లకు 0 నుంచి 127 దాకా అంకెలు, నొక్కిన బలానికీ 127 దాకానే అంకెలు. నలభై ఏళ్లు దాటినా కబురు అదే లెక్కలో నడుస్తా ఉంది. ఆనాటి వాయిద్యాన్ని ఈనాటి ఐప్యాడ్‌తో మాట్లాడించవచ్చు.

మామ: అట్లయితే నా ప్రశ్న ఇంకా గట్టిపడింది. అటక మీద ఉన్న యమహాకు వెనకాల చదరంగా ఒక యూఎస్‌బీ రంధ్రం ఉండాది. దాని పక్కన ‘టు హోస్ట్’ అని రాసినారు. అది కూడా ఇదే కబురు పంపుతుంది కదా?

మామ వేసిన ఈ ప్రశ్నను కొనబోయే ప్రతివాళ్లూ ముందు తమ ఇంట్లో వేసుకోవాలి. కొన్నేళ్లుగా వస్తున్న కాసియో, యమహా 61 కీల కీబోర్డుల్లో చాలావాటికి ఆ రంధ్రం ఉంటుంది. మన దేశం కోసమే చేసిన యమహా పీఎస్‌ఆర్-ఐ500కూ ఉంది. ఒక తీగ, ఐప్యాడ్‌కు సరిపడే ఒక అడాప్టర్ కొంటే చాలు, కొత్త కీబోర్డు అక్కరలేని ఇళ్లు ఎన్నో.

కోడలు: పంపుతుంది మామా. ఇంట్లో కూర్చుని చేసే పని అయితే నేను కొత్తది అడగనే అడగను. నేను పోవాల్సింది పల్లెలకు. టౌన్ బస్సులో, జనం మధ్య, 61 మెట్ల పలకను నిలబెట్టి పట్టుకుని పోలేను. అవ్వలు పాడేది ఇంటి ముందు తిన్నె మీద. అక్కడ ప్లగ్గు ఎక్కడుంటుంది? ఐప్యాడ్ నుంచే కరెంటు తీసుకునేది, సంచిలో పట్టేది కావాలి. 25 మెట్లు చాలు.

మామ: 25 అంటే రెండు స్థాయిలు. రెండు చేతులు పెడితే ఒకదాన్నొకటి తన్నుకుంటాయి.

కోడలు: రెండు చేతులు దేనికి? పాడే గొంతు ఒక్కటే. లెక్క చూడండి. అవ్వ పాడేది నాలుగు కట్టై శృతి దగ్గర. నాలుగు కట్టై అంటే ఎఫ్. 25 మెట్ల కీబోర్డు ‘సి’లో మొదలై ‘సి’లో ముగుస్తుంది. ఎఫ్‌ను షడ్జమం చేసుకుంటే మొదటి మెట్టు మంద్ర పంచమం, చివరి మెట్టు తార పంచమం. మన కచేరీలు పాడేవాళ్లు కూడా మామూలుగా తిరిగేది ఆ మేరలోనే కదా! ఇంకో అవ్వ ఐదున్నరలో పాడితే ట్రాన్స్‌పోజ్ చేసి మూడు అర స్వరాలు పైకి జరుపుతా. వేళ్లు అవే మెట్ల మీద నడుస్తాయి.

మామ: ఆ లెక్క బాగానే ఉండాది, కాదనను. అయినా మెట్టు వెడల్పు సంగతి చెప్పలేదు నువ్వు. మామూలు పియానో మీద ఒక స్థాయి ఇంచుమించు 165 మిల్లీమీటర్లు. ఈ సంచి కీబోర్డుల మీద మెట్లు బాగా సన్నం. హార్మోనియానికి అలవాటైన చెయ్యి దాని మీద పెడితే ‘మ’ కోసం పోయిన వేలు ‘ప’ మీద పడుతుంది. సన్న మెట్ల మీద నేర్చుకున్నదానివి తర్వాత పెద్ద మెట్ల మీద తడబడతావు.

కోడలు: అది నిజమే. దానికీ దారి ఉంది. సీఎంఈ వాళ్ల ఎక్స్‌కీ అని ఒకటి ఉంది. 25 మెట్లే, పూర్తి వెడల్పు, పలుచటి అల్యూమినియం పలక. అయితే మెట్టు కిందికి దిగేది చాలా కొంచెం. కోర్గ్ మైక్రోకీలో 25 ఉంది, 37 ఉంది, ఇంకా పెద్దవీ ఉన్నాయి. మెట్లు సన్నమే గానీ వేలికి కొంచెం ఒదుగుతాయి. ఆర్టూరియా కీస్టెప్‌కు 32. అకాయ్ ఎంపీకే మినీకి 25 మెట్లు, పక్కన ఎనిమిది ప్యాడ్లు, ఎనిమిది తిప్పే గుండీలు.

మామ: ప్యాడ్లు దేనికంట?

కోడలు: తాళానికి. తట్టితే డప్పు, తప్పెట...

మామ: దేవరాట్టం చూసినావు గదా? కంబళత్తార్లు ఆడేది దేవదుందుభికి. ఉరుమి జాతిది ఆ వాయిద్యం. ఒక పక్క తడతారు, రెండో పక్క వంకర పుల్లతో రాస్తారు. ఆ రాసినప్పుడు వచ్చే మూలుగే దాని ప్రాణం. మీ ప్యాడ్‌కు తట్టడం తెలుసు, రాయడం తెలుసా? ఆ ఎనిమిది ప్యాడ్ల కోసం డబ్బు పెట్టొద్దు.

ఇక్కడ నేను మామ పక్షమే. కీబోర్డు మీద ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టి కొనేవాళ్లు, తాము పట్టబోయే పాటకు వాటిలో ఎన్ని పనికొస్తాయో లెక్కపెట్టరు. ఈ తగవులో ప్యాడ్లు, వెలిగే దీపాలు, వెంట ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఇవన్నీ పక్కకు పోతాయి. మిగిలేది ఒకే ప్రశ్న, మెట్టుకూ మెట్టుకూ మధ్య స్వరం సంగతి. మామ దాన్ని తన హార్మోనియం మీద నుంచే అడుగుతాడు, ఆ బాధ ఆయనకు ముప్పై నలభై ఏళ్ల అనుభవం కాబట్టి.

మామ: అసలు సంగతికి వస్తా. 1940 మార్చి 1న ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గానీ కొంత సడలించలేదు, అది కూడా షరతులతో. రవీంద్రనాథ్ టాగూరుకు కూడా ఆ పెట్టె గిట్టేది కాదు. వాళ్లు చెప్పిన కారణం ఏమి? మెట్టుకూ మెట్టుకూ మధ్య స్వరం దానికి అందదు, గమకం పలకదు. నేను హార్మోనియం వాయించేవాణ్ణి. ఆ నిషేధం అన్యాయమే అంటాను. ఆ మాట మాత్రం అబద్ధం అనలేను. తోడిలో గాంధారం ఊగాలంటే నా పెట్టె ఏం చేస్తుంది? పక్క మెట్టు తాకించి తప్పించుకుంటుంది. భజనలో పదిమంది గొంతులు కలిసి దాన్ని కప్పేస్తాయి కాబట్టి సరిపోయింది. నువ్వు మా అమ్మ పాటను ఒంటరిగా ఆ మెట్ల మీద పెడతానంటా ఉండావు. అక్కడ కప్పేవాళ్లు ఎవరూ లేరు.

కోడలు: వంచడానికి చక్రం ఉంటుంది మామా. పిచ్ బెండ్.

మామ: చెప్పు, ఎంత వంగుతుంది?

కోడలు: మామూలుగా పైకి రెండు అర స్వరాలు, కిందికి రెండు. చాలా ఆప్‌లలో ఆ మేర పెంచుకోవచ్చు. మెట్ల అంకెలు 127 దాకానే అని చెప్పినా గదా, వంపుకు మాత్రం 16,384 అంచెలు పెట్టినారు. కింద కొస నుంచి పైకొస దాకా నాలుగు అర స్వరాల మేర అనుకోండి, ఒక్కొక్క అర స్వరానికి నాలుగు వేలకు పైగా. చెవికి మెట్టు తెలియదు, జారుడే వినిపిస్తుంది.

మామ: అంచెలు ఎన్ని ఉంటే ఏమి, ఎడమ చెయ్యి సరిగ్గా ఆపాలి కదా!

కోడలు: వయొలిన్ మీద ఎడమ చేతిని ఆపడం నేర్చుకున్నారు కదా మన వాళ్లు! అది కూడా బయటి నుంచి వచ్చిందే, బాలుస్వామి దీక్షితులు మన సంగీతంలోకి తెచ్చినారు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్ పట్టుకున్నప్పుడు ఆ వాయిద్యం మీద కర్ణాటక సంగీతమా అన్నారు. కరెంటు మాండలిన్ మీద తీగ లాగి గమకం పలికించినాడు, 1998లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు కీబోర్డు సత్యనారాయణన్ మెట్లు నొక్కుతానే రెండో చేత్తో స్వరం వంచి పూర్తి కచేరీ చేస్తా ఉన్నారు.

మామ: వాళ్ల సాధన వేరు. నేను అడిగేది నువ్వు కొనే వస్తువు గురించి. అన్నింటికీ ఆ చక్రం ఉండాదా?

కోడలు: లేదు. అదే చూసుకోవాలి. అకాయ్ ఎల్‌పీకే 25కు వంపే లేదు. కోర్గ్ నానోకీ2కు గుండీలు మాత్రమే. ఎంపీకే మినీకీ మైక్రోకీ 25కూ చిన్న జాయ్‌స్టిక్. మైక్రోకీ 37కు విడివిడిగా రెండు చక్రాలు. కీస్టెప్‌కు వేలితో రాసే పట్టీలు.

మామ: జాయ్‌స్టిక్ నాలుగు దిక్కులా కదులుతుందా?

కోడలు: కదులుతుంది. పక్కకు పోతే వంపు, ముందుకు వెనక్కు పోతే మాడ్యులేషన్.

మామ: అయితే గాంధారం ఊపేటప్పుడు బొటనవేలు కొంచెం వాలిందంటే పాటలో లేని వణుకు వస్తుంది. అది నాకొద్దు. వంపుకు వంపే విడిగా ఉండాల. 37 మెట్లది కొను.

కోడలు: జాయ్‌స్టిక్ రెండో దిక్కును ఆప్‌లో ఆపేయవచ్చు మామా, ఆప్ ఒప్పుకుంటే. మీరు అడగని చిక్కు ఇంకొకటి ఉంది. ఒక చానల్‌లో పలికే స్వరాలన్నింటికీ వంపు ఒకటే. శృతి కోసం ‘స’, ‘ప’ నొక్కిపట్టి, వరుసను వంచితే, శృతి కూడా కలిసి వంగుతుంది.

మామ: రామా! తంబూరా ఊగితే ఇంకేముంటుంది?

కోడలు: అందుకని శృతిని వేరే ఆప్‌లో పెట్టుకోవాలి. ఒక్కో స్వరాన్ని విడివిడిగా వంచే పద్ధతి ఎంపీఈ అని 2018లో ఖాయమైంది. రోలీ సీబోర్డ్ లాంటివి దాని కోసమే, మెత్తటి మెట్లు, వేలు కదిపితే ఆ ఒక్క స్వరమే కదులుతుంది. ధర ఎక్కువ. ఒక్క గొంతు పాటకు అది అక్కరలేదు.

మామ: నాకు ఇంకో అనుమానం. అంతర గాంధారం. తంబూరాలో వినిపించే గాంధారం కంటే నా పెట్టెలోది పైకి ఉంటుంది.

కోడలు: అవును, 14 సెంట్లు. షడ్జమానికి ఐదుకు నాలుగు పాళ్లలో పలికే గాంధారం 386 సెంట్లు, పన్నెండు సమానంగా కోసిన మెట్ల మీద 400. ఆ తప్పు కీబోర్డుది కాదు, కీబోర్డు అంకె మాత్రమే పంపుతుంది. ఆ అంకెకు ఏ స్వరం పలకాలో ఆప్ నిర్ణయిస్తుంది. ఆడియోకిట్ సింథ్ వన్ లాంటి ఉచిత ఆప్‌లలో శ్రుతి భేదాలు మార్చుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో మీ హార్మోనియం కంటే నా నోరులేని పెట్టె మేలు.

మామ దీనికి బదులు చెప్పడు. బదులు లేక కాదు, ఆయన మనసు అసలు అభ్యంతరం మీద ఉంది. ఈలోగా తీగల సంగతి త్వరగా తేల్చుకుంటారు. పాత లైట్నింగ్ ఐప్యాడ్‌కు కెమెరా అడాప్టర్ కావాలి, ఎక్కువ కరెంటు లాగే కీబోర్డును అది ఒప్పుకోదు. చార్జింగ్ రంధ్రం కూడా ఉన్న అడాప్టర్ కొంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. యూఎస్‌బీ-సీ ఐప్యాడ్‌లకు ఉన్నది ఒకటే రంధ్రం, ఇయర్‌ఫోన్ రంధ్రం లేనే లేదు. కీబోర్డు, చార్జరు, ఇయర్‌ఫోన్ మూడూ కావాలంటే హబ్ తప్పదు. తీగ లేకుండా కావాలంటే మైక్రోకీ ఎయిర్ ఉంది, రెండు ఏఏ బ్యాటరీలతో బ్లూటూత్ మీద నడుస్తుంది, సెట్టింగ్స్‌లో వెతికితే దొరకదు, ఆప్ లోపలి నుంచే కలపాలి. కీబోర్డు బ్లూటూత్ ఆలస్యం చాలామంది భరిస్తారు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఆలస్యాన్ని ఎవరూ భరించలేరు, నొక్కిన స్వరం చెవికి చేరేసరికి వేలు తర్వాతి స్వరం మీద ఉంటుంది. ఆండ్రాయిడ్ టాబ్లెట్లకు 2015లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి మిడి ఉంది గానీ, ఆలస్యం ఒక్కో టాబ్లెట్‌లో ఒక్కో రకం. కొనేముందు ఆ టాబ్లెట్ మీదే వాయించి చూడాలి.

మామ: ఇప్పుడు నా మాట విను పాపా. మా అమ్మ పాటల నోటుబుక్కు ఒకటి ఉండాది. తెలుగు పాటలే, రాసింది తమిళ అక్షరాల్లో. తమిళంలో ‘క’కూ ‘గ’కూ ఒకటే అక్షరం. ‘గంప’ అని రాసినా ‘కంప’ అని రాసినా పుస్తకంలో ఒకటే కనిపిస్తుంది. అమ్మకు ఇబ్బంది లేదు, ఆమె నోట్లో పాట ఉండాది. నేను చదివితే సగం ఊహించి చదువుతాను. నీ తరం చదివితే తల మీద గంప ఎత్తుకున్న పెండ్లికూతురు కంప ఎత్తుకుంటుంది. నువ్వు కొనబోయే ఆ మెట్లు కూడా అటువంటి లిపే. ఊగే గాంధారానికీ ఊగని గాంధారానికీ ఒకటే మెట్టు. పాట తెలిసినవాళ్లు ఉన్నంతవరకే ఆ ఫైల్‌కు అర్థం.

కోడలు: మామా, తమిళ లిపిలోనే త్యాగరాజ కీర్తనల పుస్తకాలు వేసినారు కదా, వాటిలో ఏం చేసినారు? ‘క’ పక్కన పైన చిన్న అంకె. రెండు వేస్తే ‘ఖ’, మూడు వేస్తే ‘గ’, నాలుగు వేస్తే ‘ఘ’. తెలుగు చదవడం రాని విద్వాంసులు ఆ అంకెలు పట్టుకునే తెలుగు పాడినారు. లిపి తక్కువైందని పాట వదిలిపెట్టలేదు, లిపికి అంకె చేర్చినారు. వంపు చక్రం ఆ అంకే. నేను గాంధారం మెట్టు నొక్కి చక్రం ఊపితే, మెట్టు అంకె పక్కన ఆ ఊపు గీతలాగా రికార్డు అవుతుంది. తెర మీద పెద్దది చేసి చూడవచ్చు, తప్పు పడితే వేలితో దిద్దవచ్చు. హార్మోనియం మీద వాయించిన స్వరానికి ఆ వీలు లేదు.

మామ: (కొంచెం ఆగి) మా అమ్మ పుస్తకంలో ఆ అంకెలు లేవు.

కోడలు: ఆమెకు ఎవరూ చెప్పలేదు మామా. అందుకే వంపు లేని కీబోర్డు నేను కొనను.

మామ: సరే, ఒప్పుకుంటా. అయినా అంకె వేసేది నువ్వు, పాడింది నువ్వు కాదు. నువ్వు వేసిన అంకె తప్పయితే దిద్దేదెవరు? అందుకే ముందు గొంతు రికార్డు కావాల. అవ్వ ముందు కీబోర్డు తెరవనే తెరవొద్దు. నువ్వు ‘స’ నొక్కితే ఆమె నీ ‘స’కు సర్దుకుంటుంది. పాట మధ్యలో శృతి పైకి పోతుంది, పోనీ. టక్ టక్ మని కొట్టే మెట్రోనోమ్ పెట్టొద్దు. జోలపాటకు ఊయల నడక ఉంటుంది గానీ గడియారం నడక ఉండదు.

కోడలు: మెట్రోనోమ్ ఆపేస్తా. ముందు గొంతు ఒక ట్రాక్‌లో పెడతా, దాన్ని ముట్టను. దాని కింద ఇంకో ట్రాక్‌లో నా కీబోర్డు వరుస. రెండూ ఒకే ఫైల్లో ఉంటాయి. రేపు నాకంటే బాగా వినేవాళ్లు ఎవరైనా వస్తే, గొంతు విని నా వరుసను దిద్దుతారు.

ఈ ఏర్పాటుతో ఒక తరం పని నిలుస్తుందని నాకు నమ్మకం. కీబోర్డు ఒక్కటే తీసుకుపోయి వరుస పట్టుకొచ్చినవాళ్లు తమకు తెలిసిన స్వరాలు మాత్రమే పట్టుకొస్తారు. గొంతు ఒక్కటే రికార్డు చేసినవాళ్ల దగ్గర పాట భద్రంగా ఉంటుంది గానీ, దాన్ని నేర్చుకోవాలనుకునే పిల్లకు చేయి పట్టుకునే మెట్టు దొరకదు. రెండూ కలిసినప్పుడు తిన్నె మీది పాట ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల నోటికి ఎక్కే అవకాశం ఉంది. ఈ పల్లెల్లో చదవడానికి తెలుగు లిపి లేని పిల్లలకు, వినడానికీ వాయించడానికీ దొరికే పుస్తకం అది.

మామ: ఇప్పుడు కొనే సంగతి. నేను 37 అంటా ఉండాను, నువ్వు 25 అంటా ఉండావు.

కోడలు: సంచిలో పట్టేది 25.

మామ: అంగడికి ఐప్యాడ్ తీసుకునే పో. బెండ్ రెండు అర స్వరాలకు పెట్టు. చతుశ్రుతి రిషభం నొక్కి చక్రాన్ని పైకొస దాకా తొయ్యి. సరిగ్గా అంతర గాంధారం పలకాల. పక్కనే గాంధారం మెట్టు నొక్కి పోల్చుకో. తర్వాత చక్రం వదులు. రిషభానికి తిరిగి రావాల, వెంట్రుకవాసి కూడా పైన నిలబడకూడదు. పదిసార్లు అట్లా చెయ్యి. తర్వాత సగం దాకా తోసి, అక్కడే నిలిపి, నెమ్మదిగా ఊపు. నడిమి దగ్గర చక్రం కొంచెం కదిలినా స్వరం కదలకపోతే, అది చిన్న గమకాన్ని మింగేసే రకం, తీసుకోవద్దు.

కోడలు: 25 మెట్లది ఈ పరీక్షలో నెగ్గితే?

మామ: నెగ్గితే నేనేమీ అనను, జాయ్‌స్టిక్ అయినా సరే. ఓడితే 37.

కోడలు: 37 కూడా ఓడితే?

మామ: ఏమీ కొనకుండా తిరిగొచ్చేయి. అటక మీది యమహాను నేను దింపుతాను. గొంతులు రికార్డు చేసుకుని ఇంటికి వచ్చినాక దాని మీదే వరుస కట్టు. పల్లెకు మోసుకుపోయే కీబోర్డు మంచిది దొరికేదాకా ఆగొచ్చు. పాడే అవ్వల కోసం మాత్రం ఆగేదానికి లేదు, ఈ వారంలోనే మొదలుపెట్టాల.